మొదటి స్నానం

కరోనా రెండో విడత అణిగిన మరుసటి ఏడు, శ్రావణ మాసంలో, నన్ను ప్రొద్దుటూరులోని ఒక క్రైస్తవ ట్రస్టు ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డుకు షిఫ్టు ఇన్‌ఛార్జిగా వేశారు. స్టాఫ్ నర్సుగా చేరి అప్పటికి నాలుగేళ్ళు. ఇన్‌ఛార్జి అనే మాట వినడానికి పెద్దదే గానీ చేతికి వచ్చేవి మందుల బీరువా తాళాలు, కేసు షీట్ల కట్ట, ఆ షిఫ్టులో వార్డులో ఏం జరిగినా దాని కింద పెట్టాల్సిన సంతకం. ఆ తర్వాత ఎక్కువ కాలం పనిచేయలేదు. బిడ్డ పుట్టబోతోందని తెలిశాక రాజీనామా ఇచ్చాను. కాబట్టి ఇవి పెన్షన్ తీసుకునే మనిషి జ్ఞాపకాలు కావు. ఉద్యోగం మాత్రం అయిపోయింది, మళ్ళీ చేరే ఆలోచన లేదు.

ఆసుపత్రి పేరు రాయను. అక్కడ జరిగిన మంచి చాలా ఉంది. నేను రాయబోయే తప్పు నా ఒక్కదానిది.

ఆ ఆసుపత్రిలో ఒక ఆచారం ఉండేది. దిక్కులేని రోగి ఎవరు వచ్చినా, అంటే వెంట మనిషి లేకుండా, పేరు చెప్పలేని స్థితిలో వచ్చినవాళ్ళు, వాళ్ళ మొదటి స్నానం ఆయాల చేత చేయించకూడదు. ఆ సమయానికి డ్యూటీలో ఉన్నవాళ్ళలో ఎవరు పెద్దో వాళ్ళే స్వయంగా చేయించాలి. ప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకొని శిష్యుల కాళ్ళు కడిగాడు గనుక, ఇక్కడ కూడా పైవాడే కిందికి వంగాలని మొదట్లో పనిచేసిన ఒక పెద్ద నర్సమ్మ పెట్టిన పద్ధతి అది. ఒకసారి సర్జను గారే ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మురుగుకాలవలో పడి వచ్చిన తాగుబోతుకు తల రుద్దడం నేను చూశాను. మా నాన్న పులివెందుల దగ్గర ఒక పల్లెలో సంఘ పెద్ద. ఈ ఆచారం గురించి చెప్పినప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. నాకూ ఆ పని ఇష్టంగా ఉండేది. ఆ ఇష్టంలో ఎంత భాగం రోగి కోసమో, ఎంత భాగం నన్ను నలుగురూ చూడడం కోసమో అప్పట్లో లెక్క వేసుకోలేదు.

ఆ మంగళవారం ఉదయం తొమ్మిది దాటాక ఇద్దరు ఆటోవాళ్ళు ఒక ముసలాయన్ని ఎత్తుకొచ్చారు. ఎర్రగుంట్ల రోడ్డులో సిమెంటు లారీలు ఆగే చోట, రోడ్డు పక్క కంకరలో పడి ఉన్నాడట. వాళ్ళలో ఒకతను స్ట్రెచరు మీద పడుకోబెట్టకముందే చెప్పడం మొదలుపెట్టాడు.

"మేము గుద్దల్యా సిస్టర్. ఆడ పడిపోయింటే పాపమని ఎత్తుకోని వచ్చినాము. మా పేర్లు రాసుకోవాకండి. పోయిన తూరి ఇట్లే ఒకాయప్పను తీసకపోతే మూడు దినాలు స్టేషన్ కాడ కూర్చోబెట్టినారు."

మంచి పని చేసినవాళ్ళు దొంగల్లాగా వెనక గేటు నుంచి వెళ్ళిపోయారు.

డాక్టరు గారు చూసి పక్షవాతం అన్నారు. మెదడు ఎడమ భాగంలో రక్తం ఆగింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఈ రకం రోగికి మన మాట వినబడుతుంది, ఎంతో కొంత అర్థమవుతుంది కూడా. జవాబు మాత్రం నోటికి రాదు. జేబులో ఫోను లేదు, కాగితం ముక్క లేదు. కేసు షీటులో పేరు ఉండాల్సిన చోట "గుర్తు తెలియని పురుషుడు, సుమారు 65" అని రాశాను. కడప పెద్దాసుపత్రికి పంపాలంటే వెంట మనిషి ఉండాలి. పైగా మొదటి రెండు మూడు రోజులు కదిలించడమే ప్రమాదమని డాక్టరు గారు ఇక్కడే ఉంచేశారు. ఊపిరి, నాడి చూసి ఆయన నాతో ఒక మాట అన్నారు: ఈయన బతకడం కష్టం, ప్రాణం ఉండగానే ఈయన మనుషులు దొరికితే బాగుండు. ఆ రోజు నుంచి ఆ వార్డులో మా అందరి ముందూ ఉన్న పని అదే.

స్నానం వంతు నాది. వాంతి చొక్కా అంతా పట్టి ఎండిపోయింది. వారం పది రోజుల గడ్డం, దాని మీద చెంపల దాకా పాకిన పెద్ద తెల్లమీసం. మీసంలో రక్తం, వాంతి, ఎర్రమట్టి కలిసి అట్ట కట్టాయి. వేడినీళ్ళ బకెట్టు తెచ్చిన ఆయా రాహేలమ్మ ఆయన్ని కాసేపు అట్లాగే నిలబడి చూసింది. ఆమెకు యాభై దాటాయి. చదువు లేదు. ఆ ఆసుపత్రిలో నాకంటే ఇరవై ఏళ్ళు ముందు చేరిన మనిషి.

"సిస్టరమ్మా, పోలీసాయప్ప వచ్చి ఒకసారి సూసినంక జేద్దాము లే. ఈ ముసిలాయప్ప యాడికి పోతాండాడు?" అంది.

వాళ్ళొచ్చేసరికి రేపవుతుంది, అంతసేపు ఈ కంపులో పడుండాలా, మీ నాయనైతే ఇట్లాగే వదిలేస్తావా అని అడిగాను. నా గొంతు వార్డుకంతా వినబడేలా ఉంది.

"నేనేమంటి? నాకేం తెల్సు, నీళ్ళు మోసేదాన్ని," అని ఆమె మగ్గు నా చేతికిచ్చింది.

ఇక్కడ ఒక విషయం సరిగ్గా రాయాలి. ఒళ్ళు తుడవడం అవసరమే. మీసానికి పట్టిన అట్టను సెలైన్‌లో ముంచిన గుడ్డతో ఓపిగ్గా నానబెట్టి తుడిస్తే అరగంటలో పోయేది. రేజరైతే ఐదు నిమిషాలు. దాన్ని తీయడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు. శుభ్రంగా కనబడాలని తీశాను, అంతే. పై పెదవి దగ్గరికి రేజరు వచ్చినప్పుడు ఆయన పడిపోని ఎడమచెయ్యి లేచి నా మణికట్టును పట్టుకుంది. బలం లేని పట్టు. నేను ఆ చేతిని మెల్లగా విడిపించి మంచం మీద పెట్టి, "అయిపోయింది తాతా, అయిపోయింది" అన్నాను. చిన్నపిల్లలకు సూది వేసేటప్పుడు అనే మాటే.

స్నానం అయ్యాక తెల్లటి గౌను తొడిగి దిండుకు ఆనించాను. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఉన్న మైదుకూరు రైతు నవ్వాడు.

"ఏం సిస్టరూ, ముసిలాయప్పను పెండ్లికొడుకును జేసి కూర్చోబెట్టినావే! ఇంగ పిల్లను ఎతకాల!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పూట షిఫ్టు ముగిసేముందు చేసుకునే ప్రార్థనలో ఆ స్నానాన్ని ప్రభువుకు అర్పిస్తున్నానని చెప్పుకున్నాను. ముసలాయన బట్టలు, వాంతితో తడిసినవి గనుక, నియమం ప్రకారం పసుపు సంచిలో వేశాను. పసుపు సంచి అంటే కాల్చేయాల్సిన చెత్త. దాని బండి రోజూ మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతుంది.

గుర్తు తెలియని రోగి ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేశాం. పడిన చోటు ఏ స్టేషను కిందికి వస్తుందో తేల్చుకోవడానికి వాళ్ళకు ఒక రోజు పట్టింది. బుధవారం పదకొండు గంటలకు బాషా అనే హెడ్ కానిస్టేబులు వచ్చాడు. లావుపాటి మనిషి, మెట్లెక్కి రొప్పుతూ ఉన్నాడు. మంచం పక్కన నిలబడి రోగిని పైనుంచి కిందిదాకా చూశాడు.

"బట్టలు యాడమ్మా?"

పసుపు సంచి సంగతి చెప్పాను.

"చొక్కా గూడా పారేసినారా? కాలర్ ఎనక టైలర్ గుర్తు కుట్టింటాడు గదమ్మా. దాన్ని పట్టుకుంటే ఊరు దొరుకుతాది, ఊరు దొరికితే మనిషి దొరుకుతాడు. తోమి, కడిగి, బోసి గోడ మాదిరి పెట్టినారు. ఇంగ నేను ఏం రాసుకోవాల?"

రోగి శుభ్రత మా మొదటి బాధ్యత అని ఏదో అన్నాను. అతను వాదించలేదు. వివరాల పత్రం తీసి, నా చేతిరాత బాగుంటుందని నన్నే రాయమన్నాడు. ఎత్తు, రంగు, ముఖం ఆకారం. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది, అది రాశాను. గడ్డం, మీసం అనే గడి దగ్గరికి వచ్చాను. మంచం వైపు చూసి, ఉన్నదున్నట్టు "లేవు" అని రాశాను. మా కేసు షీటులో కూడా అదే మాట ఎక్కించాను. కళ్ళకు కనబడిందే రాయాలి, ఊహించి రాయకూడదని మాకు నేర్పుతారు. ఆ నియమాన్ని పాటించాననే అనుకున్నాను. నిన్న ఉన్న మీసాన్ని నేనే తీశానన్న సంగతి ఆ గడి దగ్గర నాకు తట్టనేలేదు. అతను ఫోటో తీసుకున్నాడు. ఆ సాయంత్రమే అది జిల్లా అంతా పోలీసు గ్రూపుల్లో, అక్కడి నుంచి ఊళ్ళ గ్రూపుల్లో తిరగడం మొదలైంది.

ఆయన మా వార్డులో తొమ్మిది రోజులు ఉన్నాడు. రోజుకు ఎన్నిసార్లో ఎడమచెయ్యి ఎత్తి, వేళ్ళను పై పెదవి మీద పెట్టుకొని మమ్మల్ని చూసేవాడు. దాహమనుకున్నాం. మింగితే దగ్గు వస్తుండడంతో మూడో రోజున ముక్కు గుండా పొట్టలోకి గొట్టం వేసి దాని ద్వారానే పాలు, నీళ్ళు ఇచ్చాం. అయినా చెయ్యి పెదవి మీదికి పోతూనే ఉంది. నేను దూదిని నీళ్ళలో ముంచి పెదవులు తడిపేదాన్ని. ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

రాహేలమ్మకు ఒక ఉపాయం తోచింది. నేల తుడుస్తూ ఆయన మంచం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఊళ్ళ పేర్లు చెప్పేది. "ముద్దనూరా నాయనా? మైదుకూరా? యాడ మీది? జమ్మలమడుగా?" అంటూ కళ్ళల్లోకి చూసేది. ఒక రోజు పరుగున నా బల్ల దగ్గరికి వచ్చింది.

"కొండాపురం అంటానే శానా ఏడుస్తాండాడు సిస్టరమ్మా. మళ్ళ అంటే మళ్ళ ఏడ్సినాడు."

పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి ఏ మాటకైనా కన్నీళ్ళు వస్తాయి, అది జబ్బు లక్షణం. నేను ఆ సంగతి ఆమెకు వివరంగా చెప్పాను. నా మాట శాస్త్రప్రకారం నిజమే. కానీ బాషాకు ఒక ఫోను చేసి కొండాపురం వైపు అడిగి చూడమని ఉంటే పోయేదేమీ లేదు. చేయలేదు. ఆమె మళ్ళీ కర్ర తీసుకొని నేల తుడవడానికి పోయింది.

తొమ్మిదో రోజు ఉదయం, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆయన పోయాడు. నేను డాక్టరు గారి వెంట రౌండ్సులో ఉన్నాను. దగ్గర ఉన్నది రాహేలమ్మే. పోలీసులు శవ పంచనామా చేశారు. ఎవరైనా వస్తారేమోనని మూడు రోజులు శవాన్ని మార్చురీలో ఉంచి, తర్వాత అనుమతి తీసుకొని ట్రస్టువాళ్ళే పెన్నేటి దిక్కున ఉన్న తమ స్థలంలో పూడ్చారు. పాస్టరు గారు, నేను, రాహేలమ్మ, గుంత తవ్విన ఇద్దరు. మట్టి మీద నంబరు వేసిన చెక్క నాటారు. ఒక దిక్కులేని మనిషిని గౌరవంగా సాగనంపామని నాకు తృప్తి కూడా కలిగింది.

పూడ్చిన నాలుగో రోజు ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చెప్పులకు, చీర అంచుకు దుమ్ము. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక ఫోటో. పేరు లక్ష్మీదేవి, పులివెందుల నుంచి వచ్చానంది. మా నాయన కనబడడం లేదు, ఎక్కే ఆసుపత్రి దిగే ఆసుపత్రిగా తిరుగుతాండా అంది. ఫోటో అందుకున్నాను. మనవరాలి చెవులు కుట్టించినప్పటిదట. పసిపిల్లను ఒళ్ళో పెట్టుకొని, చెంపల దాకా పాకిన తెల్లమీసంతో, ఛాతీ విరుచుకొని కూర్చున్న ఒక పెద్దమనిషి. నేను ఆ ఫోటోను బాగానే చూశాను. తొమ్మిది రోజులు ఆ ముఖానికి దూది పెట్టినదాన్ని. మీసం తీయకముందు చూసిన ఒకే ఒక్క నర్సును.

"ఇట్లాంటాయన ఇక్కడికి రాలేదమ్మా," అన్నాను.

ఆమె కవరు మడుచుకుంటూ మెట్ల దాకా పోయింది. రాహేలమ్మ తుడుస్తున్న కర్ర గోడకు ఆనించి, "ఓ మ్మా, ఆ పటం ఒకసారి ఇట్ల ఇయ్యి" అంది. తడిచేతులు కొంగుకు తుడుచుకొని ఫోటో తీసుకుంది. కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. నా బల్ల దగ్గరికి తెచ్చి పెట్టి, తన చిటికెన వేలిని అడ్డంగా ఆ మీసం మీద ఆనించింది.

"ఇప్పుడు సూడు సిస్టరమ్మా."

ఆయనే. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది.

ఆమెకు ఎట్లా చెప్పామో వివరం రాయను. ఆ పని మాకు నేర్పుతారు: కూర్చోబెట్టాలి, నీళ్ళివ్వాలి, "పోయారు" అనే మాటను చుట్టూ తిప్పకుండా చెప్పాలి. చెప్పాం. కాసేపటికి ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆయన పేరు ఓబులేసు. గండికోట రిజర్వాయరులో ఊరు మునిగాక కొండాపురం దగ్గర కాలనీలో ఒంటరిగా ఉంటున్నాడు. మనవరాలికి గౌను తెస్తానని ప్రొద్దుటూరు బస్సెక్కాడు. కాలనీవాళ్ళు కూతురి దగ్గర ఉన్నాడనుకున్నారు, కూతురు కాలనీలో ఉన్నాడనుకుంది. ఫోను పలకకపోతే చార్జింగు పెట్టుకోలేదనుకుంది. వారం గడిచాక గానీ వెతకడం మొదలవలేదు. స్టేషనులో ఆమె చెప్పిన గుర్తుల్లో మొదటిదే పెద్ద మీసం. మా పత్రంలో మీసం లేదు. రెండు కాగితాలూ ఒకదానితో ఒకటి కలవలేదు.

తర్వాత ఆమె ఫోను తీసి వెతికి నాకు చూపించింది. బాషా తీసిన ఫోటో.

"ఇది మా గ్రూపులో వచ్చింది సిస్టర్. ఎవురో ముసిలాయప్ప, పాపం, ఎవురి నాయనో అనుకుంటి. అనుకోని నలుగురికి పంపినా గూడా. ఎవురికన్నా తెలుస్తాదేమోనని. మా నాయన్ను నేనే నలుగురికి పంపినా."

ఆమె అరచేత్తో నుదుటి మీద కొట్టుకుంటోంది. రాహేలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

సమాధి దగ్గరికి తీసుకుపోయేముందు నర్సింగు సూపరింటెండెంటు నన్ను పక్కకు పిలిచారు. మంచి మనిషి, నా మేలు కోరే మనిషి. ముక్కు గొట్టానికి ప్లాస్టరు అంటించాలంటే మీసం తీయక తప్పదని చెప్పమన్నారు. అది ఎక్కడైనా చేసేదే, విన్న పిల్లకు కూడా కొంత ఊరటగా ఉంటుంది, నీకూ ఉద్యోగం ఉంటుంది అన్నారు. నేను తల ఊపాను. రాహేలమ్మ కూడా వెంట వచ్చింది. ఆటోలో లక్ష్మీదేవి పక్కన కూర్చొని ఆ మాటను రెండు మూడుసార్లు మనసులో అనుకున్నాను కూడా. సులభంగానే వస్తోంది. ఆమె ఒళ్ళో ఫోను ఇంకా వెలుగుతూ ఉంది. ఫోటోలో ఆయన ముక్కుకు గొట్టం లేదు. గొట్టం వేసింది ఆ మరుసటి రోజు. ఈ రోజు ఆమె గమనించకపోయినా ఎప్పుడో ఒకనాడు గమనిస్తుంది. అయితే నన్ను ఆపింది ఆ భయమొక్కటే కాదు. కన్నతండ్రిని గుర్తుపట్టలేకపోయానని ఆమె బతికినంతకాలం తనను తాను కొట్టుకుంటుంది. ఆ దెబ్బలు తగలాల్సిన చోటు వేరే ఉంది, అది ఆమె పక్కనే ఆటోలో కూర్చొని ఉంది.

నంబరు చెక్క దగ్గర, ఆమె మట్టి మీద చెయ్యి పెట్టి కూర్చున్నాక, చెప్పాను. మీసం నేనే తీశాను. అవసరం లేకపోయినా తీశాను. బట్టలు నేనే పారేశాను. నువ్వు గుర్తుపట్టకపోవడం నీ తప్పు కాదు.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. అరుస్తుందనుకున్నాను. మెల్లగానే మాట్లాడింది.

"నేను పుట్టినంక ఆ మూతి నేను యానాడూ సూడల్యా సిస్టర్. మా నాయన తల్లి, మా జేజి పోయినప్పుడు తీసినాడంట, నేను పుట్టకముందు. మళ్ళ మా ఊరు మునిగిన పొద్దు, మంగలాయన్ను పిల్సండి, తీసేస్తా అన్యాడు. తల్లి పోతే తీస్తాము గదా, ఊరు గూడా తల్లే గదా అని. నేనే వద్దంటి. మీసం లేకుంటే నువ్వు మా నాయన మాదిరి ఉండవు, వద్దంటి."

మట్టి మీది చెయ్యి తీయకుండానే అడిగింది: "తీసేటప్పుడు ఆయప్ప ఊరికే ఉండెనా? సెయ్యి అడ్డం పెట్టల్యా?"

ఆ ప్రశ్నకు లేదని చెప్పినా కాదనేవాళ్ళు అక్కడ లేరు. రాహేలమ్మ తల వంచుకొని మట్టి వైపు చూస్తోంది.

"పెట్టినాడు," అన్నాను. "నేను తీసి పక్కన పెట్టినాను."

తొమ్మిది రోజులూ పై పెదవి మీదికి పోయిన ఆ చెయ్యి ఏం చెప్పిందో ఆ మాట అంటుండగా నాకు అర్థమైంది. అది కూడా ఆమెకు చెప్పాను. దాచుకుంటే మళ్ళీ నా దగ్గరే ఉండిపోయేది.

క్షమించమని అడిగాను. ఆమె నా వైపు చూడడం మానేసి రాహేలమ్మ వైపు తిరిగింది.

"పోయేటప్పుడు ఎవురుండ్రి మ్మా కాడ?"

"నేనుంటి తల్లీ."

"కాళ్ళు సల్లగయినాయా?"

"లేదు మ్మా. నేను పట్టుకోనుంటి గదా. ఎచ్చగా ఉండె."

అది జరిగిందే చెప్పిందో, ఆ పిల్ల కోసం చెప్పిందో నేనెప్పుడూ అడగలేదు. అక్కడ లేనిదాన్ని అడిగే హక్కు లేదనిపించింది. తమది కూడా పూడ్చే ఆచారమేనని, మళ్ళీ తవ్వి ఆయన్ని కదిలించవద్దని లక్ష్మీదేవి అంది. నంబరు తీసేసి పేరు రాయమని మాత్రం అడిగింది. నన్ను అడగలేదు, రాహేలమ్మను అడిగింది. రాహేలమ్మకు రాయడం రాదు. ఆమె చెక్కను, రంగు డబ్బాను తెచ్చి నా ముందు పెట్టింది. నేను రాశాను.

మరుసటి రోజు జరిగినదంతా రెండు పేజీల్లో రాసి ఇచ్చాను. ఒక నెల ఇన్‌ఛార్జి బాధ్యత తీసేశారు. అది న్యాయమే. మొదటి స్నానం ఆచారానికి మూడు వాక్యాలు చేర్చాలని అందులో అడిగాను, ఒప్పుకున్నారు: కడగకముందు, వచ్చిన మనిషి వచ్చినట్టే, ముఖాన్ని ఎదురుగా, రెండు పక్కల నుంచి ఫోటో తీయాలి. బట్టలు పోలీసులు చూసేదాకా చీటీ కట్టి ఉంచాలి. వెంట్రుక తీయాలంటే డాక్టరు రాతపూర్వకంగా చెప్పాలి. రాహేలమ్మకు చదివి వినిపించాను.

"ఇదే గదమ్మా నేను ఆ పొద్దు జెప్పింది," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నాకు తేలికయ్యేది.

ఇప్పుడు నా కూతురికి రెండున్నరేళ్ళు. దాని ఎడమ భుజం వెనుక కందిగింజంత పుట్టుమచ్చ, కుడి మోకాలి కింద కాలిన మచ్చ ఉన్నాయి. బజారుకు తీసుకుపోయినా బయలుదేరేముందు ఆ రోజు వేసిన బట్టలతో ఒక ఫోటో తీస్తాను. మా ఆయన మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు నేను మరిచిపోతే ఆయనే గుర్తు చేస్తాడు. పిల్ల పడుకున్నాక ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి చూసి వచ్చాను.

కాళ్ళు కడిగిన ఆ సంగతిని చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు విన్నాను. అందులో ఒక శిష్యుడు కాళ్ళు వెనక్కి తీసుకున్నాడని, ప్రభువు అక్కడ ఆగి అతనితో మాట్లాడి, అతను ఒప్పుకున్నాకే కడిగాడని నాకు తెలియనిది కాదు. కానీ ఆ ఆగడాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. కిందికి వంగితే చాలు, వినయం వచ్చినట్టే అనుకున్నాను. వంగినప్పుడు ఎదుటి మనిషి చెయ్యి అడ్డం పెడితే ఆగాలని, ఆ ముఖం నాది కాదని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. నేర్పడానికి ఒక కూతురి దగ్గర తండ్రిని తీసుకుంది.

కేసు షీటులో నర్సు రాసింది చెరపకూడదు. తప్పు రాస్తే, కింది అక్షరాలు కనబడేలా ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ఇన్‌ఛార్జి బాధ్యత తీసేసిన రోజున రికార్డు గదికి పోయి ఆయన షీటు తీయించాను. పేరు దగ్గర గీత కొట్టి "ఓబులేసు, కొండాపురం" అని రాశాను. గడ్డం, మీసం అనే గడిలో "లేవు" అన్న మాట మీద గీత కొట్టి, పక్కన "ఉండేవి. నేను తీశాను" అని రాసి సంతకం పెట్టాను.